800 కిలోల ర్యాక్ 95 కిలోలకే వంగింది: గ్యారేజీకి అరలు కొనేవాళ్లు ఒక్కసారి ఆగండి

గ్యారేజీ సర్దుకుందామని బోల్టులు లేని ఇనుప ర్యాక్ ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నేను కొన్నది ఐదు అరలది. పెట్టె మీద అరచెయ్యంత అక్షరాల్లో ‘800 కిలోలు’ అని ఉంది. మూడో వారంలో నడిమి అర కుంగి, దాని ముందు బద్ద గాడిలోంచి ఊడి, రంగు బకెట్ వచ్చి కారు బానెట్ మీద పడింది. రాత్రిపూట కాబట్టి అక్కడ ఎవరూ లేరు. పగలైతే పిల్లల సైకిళ్లు ఆ అర కిందే ఉంటాయి.

బిగించడం మాత్రం తేలికే, కాదనను. నాలుగు నిలువు కాళ్లు, అడ్డబద్దలు, వాటి మీద పరిచే చెక్కపొట్టు బోర్డులు. కాళ్లకు తాళంచెవి కన్నం లాంటి గాళ్లు ఉంటాయి, బద్దల చివర్లలోని రివెట్లను వాటిలో దూర్చి రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలేస్తే కూర్చుంటాయి. గంటలో ర్యాక్ నిలబడింది. ఊపి చూస్తే కాస్త ఊగింది. బరువు పడితే అదే కుదురుకుంటుందిలే అనుకున్నాను. ఆ ‘లే’ నాదే, అమ్మినవాడిది కాదు.

నడిమి అర మీద ఏముందో చెప్తాను. 20 లీటర్ల రంగు బకెట్లు రెండు, ఒక్కోటి 28 కిలోలు (రంగు నీళ్లకన్నా బరువు, లీటరంటే కిలో అనుకోకండి). పాత కారు బ్యాటరీ 15 కిలోలు. పనిముట్ల పెట్టె 24. మొత్తం 95. అమ్మినవాళ్ల లెక్కలోనే అరకు 160 రావాలి. మరి ఎందుకు వంగింది?

ఫోటోలతో ఫిర్యాదు పెడితే వచ్చిన జవాబులో అసలు సంగతి బయటపడింది. ఆ 160 కిలోలు ‘అర అంతటా సమంగా పరిచిన’ బరువట. ఆ మాట అమ్మే పేజీలో ఎక్కడా లేదు. పెట్టెలో వచ్చిన మడత కాగితం వెనకవైపు, చీమ తలంత అక్షరాల్లో ఉంది. ఇదేదో చిన్న తిరకాసు అనుకోకండి. రెండు చివర్లా ఆనిన బద్ద మీద పొడవునా పరిచిన 160 కిలోలు వంగగొట్టే ఒత్తిడి ఎంత తెస్తాయో, సరిగ్గా నడిమధ్యన పెట్టిన 80 కిలోలు కూడా అంతే తెస్తాయి. మధ్యలో పెట్టామంటే బద్ద బలం సగానికి పడిపోయినట్టే. నా సామానంతా మధ్యలోనే కుప్పగా ఉంది. పైగా తీసుకోవడానికి వీలుగా ముందంచుకి లాగి పెట్టాను, దాంతో రెండు బద్దలూ పంచుకోవాల్సిన బరువులో ఎక్కువ భాగం ముందు బద్ద మీదే పడింది. ఇసుక పోసి చదును చేసినట్టు సమంగా పరిచే సామాను ఎవరి గ్యారేజీలో ఉంటుందండీ?

రెండో సంగతి రేకు మందం. పేజీలో ‘హెవీ డ్యూటీ స్టీల్’ అని మాత్రమే రాశారు. వంగిన బద్దను వెర్నియర్‌తో కొలిస్తే రంగుపూతతో కలిపి 0.6 మిల్లీమీటర్లు వచ్చింది. కొందరు మందాన్ని గేజిలో చెప్తారు, అక్కడ ఇంకో బోల్తా ఉంది: గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుంది. 16 గేజి అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు, 22 గేజి అంటే 0.7 పైచిలుకు. ‘మాది 22 గేజి’ అని గొప్పగా చెప్తే మురిసిపోకండి. మిల్లీమీటర్లలో చెప్పమనండి, కాళ్లకి వేరుగా, బద్దలకి వేరుగా.

ఇక నేల. గ్యారేజీ నేలకి నీళ్లు పోవడానికని సాధారణంగా తలుపు వైపు వాటం ఇచ్చి పోస్తారు. మీటరుకి రెండు సెంటీమీటర్ల వాటం ఉందనుకోండి. వెనక గోడకి ఆనించిన 180 సెంటీమీటర్ల ర్యాక్ తల మూడున్నర సెంటీమీటర్లకి పైగా ముందుకి వాలుతుంది. కంటికి ఆనదు. నేను రసమట్టం పెట్టి చూసింది కూడా ర్యాక్ కూలాకే. ముందు కాళ్ల కింద ఇనుప బిళ్లలు పెట్టి నిటారుగా చెయ్యాలి. చెక్క ముక్కలు పెడితే తడికి నాని మెత్తబడతాయి. చెక్కపొట్టు బోర్డులదీ అదే కథ. వానలో తడిసిన కారు నీళ్లు కారుస్తుంటే కింది అర బోర్డు అంచు మూడు వారాలకే అటుకులా ఉబ్బింది.

గోడకి బిగించడం అన్నిటికన్నా ముఖ్యం. ‘గోడకు బిగించకుండా వాడరాదు’ అని అదే మడత కాగితంలో ఉంది. కానీ పెట్టెలో వచ్చినవి చెక్క గోడకి పనికొచ్చే మరలు. ఇటుక గోడకి, కాంక్రీటు గోడకి యాంకర్లు (మరను గోడలో పట్టి ఉంచేవి) వేరు, బోలు ఇటుకకి ఇంకా వేరు. పెట్టెలో ఏ గోడకి సరిపోయేవి ఇస్తున్నారో కొనకముందే అడగండి. అడిగితే రాతపూర్వకంగా ఒప్పుకోవాల్సి వస్తుంది, తర్వాత అదే అక్కరకొస్తుంది.

చక్రాలున్న మోడల్ వైపు మీ కన్ను పడిందేమో. చక్రాలు బిగించాక ర్యాక్ మోసేది అరల లెక్క ప్రకారం కాదు, ఆ నాలుగు చక్రాలు మోయగలిగినంతే. ఆ అంకె విడిగా ఉంటుంది, వెతకండి.

సమీక్షలు చదవలేదా అని మా ఆవిడ కూడా అడిగింది. చదివాను. వందల కొద్దీ ఐదు నక్షత్రాలు. మళ్లీ వెళ్లి ఫోటోలు ఒక్కొక్కటే తెరిచి చూశాను. దాదాపు అన్నీ ఖాళీ ర్యాకులే, బిగించిన రోజే తీసినవి. ‘గంటలో బిగించేశాను, చాలా బాగుంది’ అంటారు. అది బిగింపుకి ఇచ్చిన మార్కు, మోతకి కాదు. అమ్మేవాళ్లు పెట్టిన బొమ్మలో టైర్లు, ఇంజన్ భాగాలు కనిపిస్తాయి కానీ వాటి నీడలు బోర్డు మీద పడవు, చూడండి. కొన్న ఆరు నెలలకి రాసినవి, సామానుతో ఫోటో ఉన్నవి మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

ఇప్పటికే కొని బిగించినవాళ్లకి ఒక పరీక్ష చెప్తాను. అర ముందు బద్ద రెండు చివర్ల మధ్య దారం బిగించి కట్టండి. 20 లీటర్ల నీళ్ల డబ్బాలు ఒక్కొక్కటిగా అర మధ్యలో పెడుతూ, దారానికి బద్ద ఎంత కుంగిందో కొలవండి. నీళ్లు కాబట్టి బరువు లెక్క తేలిక, డబ్బాకి 20 కిలోలు. గోదాముల ర్యాకుల్లో దూలం తన పొడవులో 200వ వంతుకి మించి కుంగకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. 120 సెంటీమీటర్ల బద్దకి అది 6 మిల్లీమీటర్లు. అది దాటితే ఆపెయ్యండి. డబ్బాలు దించాక బద్ద మళ్లీ తిన్నగా రాకపోతే దాని పని అయిపోయినట్టే, అక్కడ బరువైనదేదీ పెట్టొద్దు. పరీక్ష చేసేటప్పుడు మీ కాళ్లు అర కింద పెట్టకండి. బరువైనవి ఎప్పుడూ కింది అరకే. పెట్రోలు డబ్బా ఉంటే అసలు ర్యాక్ మీదే వద్దు, దాని ఆవిరి గాలికన్నా బరువై నేలబారున పాకుతుంది, ఎక్కడి నిప్పురవ్వనైనా అందుకుంటుంది.

డబ్బు వెనక్కి రాలేదు. ‘బిగించిన సరుకు తిరిగి తీసుకోం’ అన్నారు మొదట. బిగించకుండా వంగుతుందని ఎలా తెలుస్తుందని అడిగితే, గోడకి బిగించలేదు కాబట్టి బాధ్యత మాది కాదన్నారు. గోడకి సరిపోయే మరలు మీరే ఇవ్వలేదన్నాను. దానికి జవాబుగా, తర్వాతి కొనుగోలు మీద పది శాతం తగ్గింపు కూపన్ పంపారు.

వంగిన బద్ద ఫోటోతో ఒక్క నక్షత్రం సమీక్ష పెట్టాను. తొమ్మిది రోజుల తర్వాత కనిపించింది, కింద ‘మీ ఆదరణకు ధన్యవాదాలు’ అన్న జవాబుతో.