పదకొండేళ్లుగా కంట్లో చుక్కలు: నీటికాసుల మందులతో నా అనుభవం

మా పర్లాకిమిడిలో కంటి జబ్బు అనగానే అందరికీ శుక్లాలే గుర్తొస్తాయి. జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చినవాళ్లలో సగంమంది "ఆపరేషన్ చేయించేసుకో అప్పా, పోతుంది" అని నాకు సలహా ఇచ్చినవాళ్లే. నాది నీటికాసులు. కంటి లోపల ప్రెషర్ వల్ల వెనకున్న నరం దెబ్బతినే జబ్బు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది పోకుండా చుక్కలు వేసుకోవాలి, అంతే. నేను 2014లో మొదలుపెట్టాను.

తలనొప్పి మాత్ర వేసుకుంటే అరగంటలో తేడా తెలుస్తుంది. ఈ చుక్కలతో అలా ఏమీ తెలియదు. మనకు తెలిసేది మంట, దురద, చేదు మాత్రమే. మందు పనిచేస్తోందని చెప్పాల్సింది ఆసుపత్రిలో మిషను. అందుకే నా మార్కులు వేరు, డాక్టరుగారి మార్కులు వేరు.

మొదట రాసింది టిమోలాల్ 0.5 శాతం, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. చవక. ప్రెషర్ 28 నుంచి 20కి దిగింది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలంటారు కాబట్టి సంతోషపడ్డాను. రెండు నెలలు తిరిగేసరికి మేడమెట్లు ఎక్కితే ఆయాసం. పెళ్లిళ్ల సీజను, రాత్రిళ్లు మిషన్ తొక్కుతున్నాను కదా, అలసట అనుకున్నాను. వైజాగ్‌లో ఇంకో డాక్టరుగారికి చూపిస్తే ముందు నాడి పట్టుకున్నారు. నిమిషానికి 50. "చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదా అమ్మా?" అన్నారు. ఉండేది. మొదట మందు రాసిన చోట ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కంట్లో వేసే చుక్కకీ ఊపిరికీ ఏం సంబంధం అనుకుంటాం! కంటి మూలనున్న సన్న దారిలోంచి మందు ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుందట. ఆ రోజే మాన్పించారు. చుక్క వేశాక కళ్లు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవడం అప్పుడే నేర్చుకున్నాను. మొదటి సీసా ఇచ్చినప్పుడే ఎవరైనా చెప్పాల్సింది.

తర్వాత లాటనోప్రోస్ట్, రాత్రి ఒక్కసారే. నాకు అన్నిటికన్నా బాగా కుదిరిన మందు ఇదే. ప్రెషర్ 18కి వచ్చింది. సీసా చూస్తే 2.5 మిల్లీలీటర్లే, వేలెడంత. రెండు కళ్లకీ నెల పైన వస్తుంది, చుక్క చెంప మీదకు జారిపోకుండా వేసుకుంటే. మొదట్లో సగం నా చెవిలోకే పోయేది. ఇప్పుడు పడుకుని, సీసా పట్టుకున్న చేతిని నుదుటికి ఆనించి, కింది రెప్పను జేబులా లాగి అందులో వేస్తాను. ఒక్క చుక్క చాలు, రెండోది వేసినా బయటికే కారిపోతుంది.

సీల్ తీయనిది ఫ్రిజ్‌లోనే ఉండాలి. తీశాక 25 డిగ్రీల లోపు ఆరువారాలు ఉంచుకోవచ్చంటారు, కానీ మా ఊరి మే నెలలో 25 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? తీసిందీ ఫ్రిజ్‌లోనే పెడతాను. చల్లగా ఉంటే చుక్క కంట్లో పడిందో లేదో కూడా తెలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు సీసాను స్టీలు డబ్బాలో పెట్టి మట్టికుండ నీళ్లలో తేలేశాను. కొత్త సీసా తెరిచిన రోజే దాని మీద తేదీ రాసేస్తాను, ఆరువారాలు దాటితే పారేయడమే.

దీని వల్ల కనురెప్పల వెంట్రుకలు పొడుగయ్యాయి, రెప్పల చుట్టూ నలుపు వచ్చింది. "మామ్మా, కాటుక పెట్టుకున్నావా?" అని మనవరాలు అడిగింది. ఈ వయసులో అదొక సోకు, పోనీలెండి.

2019లో ప్రెషర్ మళ్లీ కాస్త పెరిగితే బ్రిమోనిడిన్ కలిపారు. ఏడాది బాగానే ఉంది, తర్వాత కళ్లు మిరపపళ్లయ్యాయి. ఒకటే దురద. మధ్యాహ్నమైతే కునుకు. ఒకసారి ఆ మత్తులోనే జాకెట్టు ఎడమ చెయ్యి తీసుకెళ్లి కుడివైపు కుట్టేశాను. అలర్జీ అని మాన్పించారు.

ఇప్పుడు రాత్రి లాటనోప్రోస్ట్‌తో పాటు డోర్జోలమైడ్ రోజుకి మూడుసార్లు. ఇది సల్ఫా జాతి మందు. సల్ఫా పడనివాళ్లు ముందే చెప్పాలి. రాత్రి రెండింటి మధ్యా కనీసం ఐదు నిమిషాలు ఆగుతాను, లేకపోతే వెనకది ముందుదాన్ని కడిగేస్తుంది. కొన్నాళ్లు మధ్యాహ్నం చుక్క మరిచిపోతూనే ఉన్నాను, ఇప్పుడు షాపులో రెండింటికి అలారం మోగుతుంది. పోయినసారి గుణుపూర్ ప్యాసింజర్‌లో వైజాగ్ వెళ్లి చూపించుకుంటే ప్రెషర్ 15, 16 ఉంది. డబ్బాలో తల పెట్టి, చుక్కంత వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్షలో కూడా మూడేళ్లుగా తేడా లేదన్నారు.

తోబుట్టువులకీ వచ్చే జబ్బట ఇది, పాతపట్నంలో ఉన్న మా చెల్లికి కూడా ఉండొచ్చు, చూపించమన్నారు. ఏడాది బతిమాలితే వచ్చింది. దానికి ఏ బాధా లేదు, ప్రెషర్ మాత్రం 27.

డోర్జోలమైడ్‌తో నాకున్న గొడవ ఒక్కటే. క్షణం మంట, ఆ వెంటనే గొంతులో చేదు. మూల నొక్కి పట్టుకుంటే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. దాని మీద టీ తాగితే కషాయమే. అందుకే పొద్దున్నే టీ ముందు, చుక్క తర్వాత.