చెస్‌.కామ్ డైలీ టోర్నమెంట్: చేరేముందు గ్రూపు సైజు చూసుకోండి

ఒక్కో ఎత్తుకు ఒక రోజు నుంచి 14 రోజుల దాకా గడువుండే ఈ ఆన్‌లైన్ చదరంగం టోర్నమెంట్లలో ముందుగా చూడాల్సింది గ్రూపులో ఎంతమంది ఉన్నారనేది. ఐదుగురుంటే ప్రతి ప్రత్యర్థితో తెల్లపావులతో ఒకటి, నల్లపావులతో ఒకటి, మొత్తం 8 ఆటలు ఒకేసారి మొదలవుతాయి. ఉద్యోగాలు చేసేవాళ్లకు రోజు గడువు కష్టం, 3 రోజులది నయం. గడువు దాటితే గెలిచే ఆటైనా పోయినట్టే. పైగా టైమౌట్ల శాతం పెరిగితే చాలా టోర్నమెంట్లలో చేరనివ్వరు.

ఆట నడుస్తుండగా ఓపెనింగ్ (ఆరంభపు ఎత్తుల) పుస్తకాలు, పాత ఆటల డేటాబేస్ చూసుకోవచ్చు. ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాం ఇంజిన్, కొద్ది పావులే మిగిలిన స్థితుల ఫలితాలు ముందే లెక్కగట్టి ఉంచిన టేబుల్‌బేస్ మాత్రం నిషిద్ధం. అనాలిసిస్ బోర్డు మీద పావులు కదిపి చూసుకోవడంలోనే ఉంది అసలు మజా: ఉదాహరణకు నల్లపావుల ఓపెనింగ్ అయిన నజ్‌డార్ఫ్‌లో తెల్లపావుల ఆరో ఎత్తుగా బిషప్ జి5 గడికి వస్తే ఏం చేయాలో తీరిగ్గా తవ్వుకోవచ్చు. ఆలోచన ఎక్కడ ఆపారో నోట్స్‌లో రాసిపెట్టుకోండి, లేకపోతే రెండ్రోజులకి మళ్లీ మొదటికొస్తుంది.

పెద్ద లోపం రౌండ్లే. ఒక్కరు ఓడే ఆటలో గడువంతా వాడుకుంటూ కూర్చున్నా తర్వాతి రౌండు ఆగుతుంది. ఇంజిన్‌తో ఆడాలనుకుంటే ఐసీసీఎఫ్ (అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ సమాఖ్య) సర్వర్‌కి వెళ్లండి, అక్కడ అనుమతి ఉంది. అందుకే అక్కడ పైస్థాయిలో అన్నీ దాదాపు డ్రాలే.