ఆర్‌సీ-30 లూప్ పెడల్: వయొలిన్ వాయిస్తూ పాడేవాళ్లకు

వయొలిన్ వాయిస్తూ పాడే ఆండ్రూ బర్డ్, ఓవెన్ పాలెట్ లాగా ఒంటరిగా వయొలిన్ పొరలు పేర్చుకుని వాటి మీద పాడాలనుకునేవాళ్లకు బాస్ (Boss) కంపెనీ ఆర్‌సీ-30 చాలా కాలం పనికొచ్చే లూప్ పెడల్, అంటే వాయించింది రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించే, కాలితో నొక్కే పరికరం. దీని అసలు బలం రెండు ట్రాకులు. ఒకదాంట్లో వేలితో మీటిన లయ, రెండోదాంట్లో బోతో (కమానుతో) సాగదీసిన స్వరాలు పెట్టుకుంటే, చరణం రాగానే రెండోదాన్ని ఆపి గొంతుకు చోటివ్వొచ్చు.

కాలితో పెడల్ నొక్కే సమయమే మొదటి చిక్కు. నిమిషానికి 90 దెబ్బల వేగంలో ఆదితాళం ఒక ఆవర్తనం (ఎనిమిది దెబ్బల చుట్టు) 5.33 సెకన్లు. ముగింపు నొక్కు సరిగ్గా తర్వాతి సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద పడాలి. చివరి స్వరం ఆగాక నొక్కితే ఆ ఆలస్యం ప్రతి ఆవర్తనంలోనూ వినిపిస్తుంది. ఒక ఆవర్తనం ఊరికే వాయించి, రెండోదానికి రికార్డు మొదలుపెట్టండి.

గమకాలను (స్వరాన్ని ఊపుతూ పలికించడాన్ని) లూప్‌లోకి ఎక్కించకండి. ఒకే కంపితం (స్వరాన్ని వణికించే గమకం) రెండు పొరల్లో ఒకేలా పడదు, శ్రుతి చెదిరినట్టే ఉంటుంది. నిలకడ స్వరాలైనా ఒకటి 440, ఇంకోటి 442 హెర్ట్జ్ ఉంటే ధ్వని సెకనుకు రెండుసార్లు అలలా పెరిగి తగ్గుతుంది. శంకరాభరణం, మోహనం రాగాలు ఇండీ పాప్ కార్డ్స్‌తో (కలిపి పలికించే స్వరాల గుంపులతో) ఇట్టే కలుస్తాయి. తోడి రాగంలోని గాంధారం మాత్రం ఊపు లేకుండా నిలబడదు. అక్కడ కింద సా-పా మాత్రమే ఉంచి, మిగతాదంతా పైన లైవ్‌గా వాయించడమే మేలు.

మొదటి పొర తక్కువ లెవెల్లో పెట్టండి. సమానమైన పొరలు నాలుగైతే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, చివర్లో పగులుతుంది. వయొలిన్ రికార్డు చేస్తున్నప్పుడు మైక్ లెవెల్ పూర్తిగా తగ్గించాలి. లేదంటే వయొలిన్ శబ్దం పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) నుంచీ, మైక్ నుంచీ రెండుసార్లు ఎక్కి డొల్లగా వినిపిస్తుంది. పియెజో పికప్‌కు 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్ (మిక్సర్ కంటే ముందు సంకేతాన్ని బలపరిచే పరికరం) కావాలి. నేరుగా మిక్సర్ లైన్‌లో పెడితే మంద్ర తీగ బక్కచిక్కిపోతుంది.

కడప ఎండాకాలంలో పొడిగాలికి బిరడలు (తీగలు బిగించే చెక్క మేకులు) కుంచించుకుని జారతాయి. అప్పటికే ఎక్కిన పొరలు పాత శ్రుతిలోనే తిరుగుతుంటాయి కాబట్టి పాటకూ పాటకూ మధ్య శ్రుతి చూసుకోండి; బిరడకు కాస్త సుద్దపొడి రాస్తే పట్టు వస్తుంది. కరెంటు పోతే సేవ్ చేయని లూప్ పోయినట్టే. ఆరు ఏఏ బ్యాటరీలతోనూ నడుస్తుంది, బయటి పందిళ్లలో వాటినే వాడండి.