అంబాసిడర్ వెనక సీటు తీసేస్తే: ఊఫర్ బాక్సా, చెక్క పెట్టెనా?

ఆటోనగర్‌లో మా అంబాసిడర్ వెనక సీటు విప్పితే కింద తుప్పు, రెండు పాత రూపాయి బిళ్లలు, బోలెడంత జాగా. 2014లోనే తయారీ ఆగిపోయిన బండి కదా, సీటు మాత్రం ఇంట్లో దాచాను. ఆ జాగాలో ఊఫర్, అంటే బేస్ దద్దరిల్లించే పెద్ద స్పీకర్, పెడితే బెంజ్ సర్కిల్‌లో నలుగురూ తిరిగి చూస్తారు, నిజమే, కానీ డైనమో ఉన్న పాత బండికి పెద్ద యాంప్లిఫయర్ తగిలిస్తే రాత్రిపూట హెడ్‌లైట్లు పాటకి తగ్గట్టు మిణుకుమిణుకుమంటాయి, దాంతో డైనమో తీసేసి ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ వేయించాలి, లావు వైరు లాగాలి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టాలి, పైగా మే నెల బెజవాడ ఎండకి యాంప్లిఫయర్ వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది. చెక్క పెట్టెకి ఈ గొడవలేవీ లేవు. జాకీ, టూల్‌కిట్, నీళ్ల క్యాను పట్టేస్తాయి. నేలకి బోల్టులు మాత్రం గట్టిగా బిగించాలి, లేదంటే సడన్ బ్రేక్ కొడితే జాకీ మన వీపు మీదకే. నా ఓటు పెట్టెకే. ఆర్‌సీలో సీట్ల సంఖ్య ఉంటుంది కాబట్టి రవాణా ఆఫీసులో ముందే అడగండి. మా బావ మాత్రం ఇంకా ఊఫరే అంటున్నాడు.