కొలనోస్కోపీ మందు: రాత్రే తాగేయాలా, రెండు విడతలుగానా?

కొలనోస్కోపీ, అంటే పెద్దపేగును కెమెరాతో చూసే పరీక్ష, రాయగానే చాలామంది అడిగేది ఇదే: "పేగు కడిగే మందంతా ముందురోజు రాత్రే తాగేస్తే సరిపోదా?"

పడుకునేసరికి పేగు కడిగినట్టే ఉంటుంది. కానీ పైత్యరసం, జీర్ణరసాలు చిన్నపేగులోంచి రాత్రంతా దిగుతూనే ఉంటాయి. అవి ముందుగా చేరేది పెద్దపేగు కుడివైపుకే. పొద్దున్న కెమెరా అక్కడికి వెళ్లేసరికి గోడంతా పచ్చటి జిగట పూత! నీళ్లు కొట్టినా ఒక పట్టాన వదలదు. చదునుగా, గోడకు కరుచుకుని పెరిగే పాలిప్‌లు (పేగు లోపలి కండ బుడిపెలు) ఎక్కువగా ఉండేదీ ఆ వైపే. పూత కింద అవి కనబడవు. సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు పొద్దున్న, ఇలా రెండు విడతలే మేలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

పేగు ఎంత శుభ్రమైందో కొలిచే బోస్టన్ స్కోరులో పేగును మూడు భాగాలుగా చూసి, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు వేస్తారు. మొత్తం 6 వచ్చినా, కుడివైపు 1 పడితే పేగు సరిగా శుభ్రం కానట్టే లెక్క.

రెండో విడత పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు మొదలుపెట్టి, కనీసం 2 గంటల ముందే ముగించాలి. తొమ్మిదింటికి పరీక్ష అనుకోండి. నాలుగింటికి లేచి, పావుగంటకో 250 మి.లీ. గ్లాసు చొప్పున తాగితే ఆరింటికి 2 లీటర్లు పూర్తవుతాయి. నిద్ర చెడుతుంది, నిజమే. కానీ పేగు శుభ్రంగా లేదని వెనక్కి పంపితే ఈ తంతంతా మళ్లీ మొదటికొస్తుంది. వికారం పుట్టేది ఎక్కువగా గబగబా తాగడం వల్లే. అరగంట ఆగి, మందు చల్లబరిచి, స్ట్రాతో కొద్దికొద్దిగా తాగండి, మధ్యలో మానేయొద్దు.

చివరి విరేచనం అడుగు కనబడేంత తేటగా, లేత పసుపుగా ఉండాలి. గోధుమరంగు మడ్డి ఇంకా వస్తుంటే బయల్దేరకముందే ఫోన్ చేసి చెప్పండి.

పరీక్ష మధ్యాహ్నమైతే మందంతా ఆ ఉదయమే తాగొచ్చు. అదీ రెండు విడతలంత బాగానే పనిచేస్తుంది.

ఇక ఏ మందు అంటారా? పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) ఒంటికి దాదాపు పట్టదు, పేగులోంచే బయటికి పోతుంది. కిడ్నీ, గుండె జబ్బులున్నవారికి సాధారణంగా అదే ఇస్తారు. పికోసల్ఫేట్-మెగ్నీషియం మందు తాగాల్సింది తక్కువ, కానీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి పనికిరాదు. సోడియం ఫాస్ఫేట్ జోలికి వెళ్లొద్దు: కిడ్నీలు దెబ్బతింటాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే హెచ్చరించింది.

ఐరన్ మాత్రలు మాత్రం డాక్టరుకు చెప్పి వారం ముందే ఆపేయండి. అవి మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి; అప్పుడు ఏ పద్ధతైనా సగమే పనిచేస్తుంది.