వెస్పాసియన్ సెస్టర్షియస్ కొనేవాళ్లూ, జాగ్రత్త: నాణెం అసలుదే, బొమ్మ మాత్రం కొత్తగా చెక్కింది

రోమన్ ఇత్తడి, రాగి నాణేలు సేకరించే మిత్రులందరూ ఇది చదవండి. యూరప్‌లోని ఒక డీలర్ దగ్గర ఆన్‌లైన్ వేలంలో రోమన్ చక్రవర్తి వెస్పాసియన్ సెస్టర్షియస్ (పెద్ద ఇత్తడి నాణెం) కొన్నాను. క్రీ.శ. 71 నాటి ‘యూదయా కాప్టా’ రకం, అంటే యూదయాను జయించిన గుర్తుగా వేసినది. వెనకవైపు నడుమ ఖర్జూర చెట్టు, ఒక పక్క నిలబడ్డ చక్రవర్తి, ఇంకో పక్క స్త్రీ రూపంలో శోకంతో కూర్చున్న యూదయా. నాణెం మీద కాలంతో పట్టే చిలుము పొరను పాటినా అంటారు. ‘సహజమైన ఆకుపచ్చ పాటినా, ఎవరూ చెయ్యి పెట్టనిది’ అని కేటలాగులో రాశారు. పచ్చి అబద్ధం.

నాణెం నకిలీ కాదు. అసలు చిక్కంతా అక్కడే. తూస్తే దాదాపు 25 గ్రాములు, ఉండాల్సినంతే ఉంది. అంచున పోత అతుకు లేదు, గాలి బుడగల గుంటలు లేవు. నకిలీల కోసం మనం చేసే పరీక్షలన్నీ నెగ్గుతుంది. బాగా అరిగిపోయిన అసలు నాణేన్ని సన్నటి పనిముట్లతో మళ్లీ చెక్కి, పైన ఆకుపచ్చ రంగు పట్టించి, ఎన్నో రెట్ల ధరకు అంటగట్టారు. దీన్నే టూలింగ్ అంటారు.

పది రెట్ల లూప్ (భూతద్దం) కింద పెడితే బండారం బయటపడింది. చక్రవర్తి చెంప అరిగి నున్నగా ఉంది. దాని పక్కనే, అంతే ఎత్తులో ఉన్న జుట్టు పాయలు మాత్రం నిన్న చెక్కినంత పదునుగా ఉన్నాయి. అరుగుదల అలా ఒకచోట వదిలేసి ఇంకోచోట పట్టదు. అక్షరాల చుట్టూ నేలను (బొమ్మ లేని చదును భాగాన్ని) గోకి దించారు, అందుకే అవి అంత ఎత్తుగా కనిపిస్తున్నాయి. గోకిన సన్నటి గీతలు పక్కపక్కనే బారులుగా ఉన్నాయి. అసిటోన్‌లో ముంచిన దూదితో తుడిస్తే దూది పచ్చబడింది. నిజమైన చిలుము అసిటోన్‌కి కదలదు. రంగు పోయిన గీతల్లో ఇత్తడి పసుపుగా మెరిసింది.

అనుమానం పూర్తిగా తీర్చింది మాత్రం పోలిక. అదే అచ్చుతో కొట్టిన ఇంకో నాణెం ఫొటో దొరికింది. అందులో ఖర్జూర మట్టలు వంగిన తీరు వేరు, నా దాంట్లో వేరు. ఒకే అచ్చులోంచి వచ్చిన రెండు నాణేల్లో మట్టలు రెండు రకాలుగా ఉండవు కదా! అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ఆన్‌లైన్ కేటలాగు ‘ఓక్రే’లో, బ్రిటిష్ మ్యూజియం సైట్‌లో ఇలాంటి ఫొటోలు ఉచితంగా చూడొచ్చు. డబ్బు కట్టకముందే ఈ పని చేయండి.

డీలర్‌ని అడిగితే ‘కాస్త స్మూతింగ్ మామూలే’ అని కొట్టిపారేశాడు, డబ్బు వెనక్కివ్వనన్నాడు. నేల మీది మట్టినీ తుప్పునీ తీసి నునుపు చేస్తే, ఆ మాట ముందే చెప్తే, నాకు అభ్యంతరం లేదు. లేని జుట్టును పుట్టించడం స్మూతింగ్ కాదు, మోసం. అతని పాత అమ్మకాల ఫొటోలు చూస్తే ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తుల సెస్టర్షియస్‌ల మీదా ఇదే తరహా జుట్టు!

కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కాలపు చిన్న కంచు నాణేలకు ఈ బెడద తక్కువ, వాటి మీద అంత శ్రమ పడితే గిట్టుబాటు కాదు. పెద్ద సెస్టర్షియస్ కొనేటప్పుడు మాత్రం టూలింగ్, స్మూతింగ్, పూసిన పాటినా లేవని డీలర్‌తో రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటోలు అడగండి. ఇవ్వకపోతే ఆ నాణెం జోలికి పోవద్దు.