అమ్మ కోసం కొన్న షుగర్ మిషిన్: రీడింగ్ కరెక్టే, లొల్లి బటన్‌తోని

కంపెనీ పేరు రాస్తలేను. రెండు నెలల కింద హన్మకొండ చౌరస్తా కాడ ఒక మెడికల్ షాపుల కొన్న, 25 స్ట్రిప్పులతోని 950 అయింది. రీడింగ్‌కు వంక పెట్టనీకి లేదు, ల్యాబ్‌ల అదే పూట ఇచ్చిన రక్తానికీ దీనికీ ఏడెనిమిది పాయింట్లే తేడా, గంత మామూలే. సూది పెన్ను గూడ మంచిగుంది, నొప్పి తెల్వది.

పోయిన నెల ఫోన్ చేస్తే అమ్మ "ఇయ్యాల గూడ 142 నే బిడ్డా" అన్నది. మూడు దినాల సంది అదే 142. షుగర్ గట్ల ఒక్కకాడ కూసుంటదా? శనివారం కాజీపేటల రైలు దిగి ఇంటికి పోయి పక్కన కూసోని చూసిన. అమ్మకు వేళ్లు తిమ్మిర్లు, స్ట్రిప్ లోపలిదాంక పోలే, అందుకే మిషిన్ ఆన్ కాలే, ఆన్ అయితలేదని బటన్ ఒత్తింది, ఒత్తంగనే పాత రీడింగ్ ఇంత పెద్దగ పడ్డది. అది పాతదని చెప్పనీకి మూలకు చీమంత ఇంగ్లీష్ అక్షరాలు, నాకే కండ్లు చికిలిస్తే గని కనవడలే. ఇగ దాంతోని ఇచ్చిన బుక్కుల తెలుగు ఒక్క ముక్క లేదు.

షాపాయనకు చెప్తే "అమ్మకు వాడుడు తెల్వదక్కా, మిషిన్ మంచిదే" అన్నడు. మండింది నాకు, ఎందుకంటే హైదరాబాద్‌ల నేను చేసే కొలువే ఇది, వైద్య పరికరాలకు యూఎక్స్ రీసెర్చ్, అంటే మనుషులు వాటిని ఎట్ల వాడుతున్నరో, యాడ తప్పుతున్నరో చూసుడు (చుట్టాలకు చెప్తే ఫోన్లు రిపేర్ చేస్తదనుకుంటరు). మా దాంట్ల దీన్ని యూజర్ ఎర్రర్ (వాడెటోళ్ల తప్పు) అనం, యూజ్ ఎర్రర్ (వాడకంల జరిగిన తప్పు) అంటం, వైద్య పరికరాల వాడకం మీద ఉన్న అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఈసీ 62366 ల గూడ గదే మాట. తప్పు మనిషి మీదికి తోస్తే డిజైన్ మార్చే పని తప్పుతది గదా. మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2016 గైడెన్స్‌లనైతే, పరికరాన్ని మనుషులతోని వాడిపిచ్చి చూసే చివరి టెస్టుకు ఒక్కో రకం యూజర్లు కనీసం 15 మంది ఉండాలన్నది, ఆ 15 మందిల వేళ్లు తిమ్మిర్లున్న పెద్దమనుషులు ఇద్దరున్నా ఈ బటన్ సంగతి గప్పుడే బయటపడుతుండె.

అయిదుకు రెండున్నర స్టార్లు, అవి రీడింగ్‌కు. బటన్ మీద ప్లాస్టర్ ముక్క అంటించి, స్ట్రిప్ టక్కుమనేదాంక నూకమని చెప్పొచ్చిన. మొన్న 187 చూపెట్టిందట. "పాత 142 నే మంచిగుండె బిడ్డా" అంటున్నది.